నాచు పిప్పితో నూనె తీసే డ్రమ్ము: తొమ్మిది నెలలు, 31 బ్యాచ్‌లు

ఫిబ్రవరి చివరి వారంలో ఈ డ్రమ్ము లారీలోంచి మా షెడ్డు ముందు దిగింది. ఇప్పుడు నవంబరు. ఈలోపు 31 బ్యాచ్‌లు వేశాను. ప్రతిసారీ లోపలికి ఎంత పోశానో, బయటికి ఎంత వచ్చిందో ఒక పాత పాల లెక్కల పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. ఆ పుస్తకం ఎదురుగా పెట్టుకునే ఇది రాస్తున్నాను. తయారుచేసినవాళ్ల పేరు మాత్రం రాయను. వాళ్లతో నాకింకా గ్యాస్కెట్ల పని ఉంది. పైగా ఇలాంటి పైరోలిసిస్ డ్రమ్ములు అమ్మేవాళ్లు చెప్పే మాటలు ఇంచుమించు ఒకటే, పేరు తెలుసుకుని మీకు ఒరిగేది లేదు.

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్లకి మార్కులు ముందే ఇచ్చేస్తున్నాను. కుళ్లే చెత్తని వదిలించుకోవడానికైతే ఐదుకి నాలుగు. బొగ్గు కోసమైతే మూడు. నాచులోంచి డీజిల్ వస్తుందని నమ్మి కొనేట్టయితే ఒకటి, అది కూడా రేకు మందంగా వేసినందుకు.

మాది కావలికి తూర్పున, సముద్రం వైపు ఊరు. రొయ్యల గుంటల్లో రెండుసార్లు చేతులు కాల్చుకున్నాక, ఆరేళ్ల కిందట స్పిరులినా అనే నాచుని తొట్లలో పెంచే పనిలోకి దిగాను. మొదట్లో పచ్చటి పొడిని ఎండబెట్టి అమ్మేవాణ్ని. రేటు పడిపోయాక, ఇంకో ఇద్దరు పెంపకందారులతో కలిసి ఆ పొడిలోంచి నీలం రంగు తీయడం మొదలుపెట్టాం. ఆ రంగు పేరు ఫైకోసయనిన్. అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా ఉంచే ఎఫ్‌డీఏ సంస్థ 2013లో స్పిరులినా నీలాన్ని మిఠాయి బిళ్లల్లో, చూయింగ్ గమ్‌లో వాడుకోవచ్చని అనుమతి ఇచ్చింది. పని మరీ కష్టమైనదేమీ కాదు. పొడిని రాత్రంతా చల్లటి నీళ్లలో నానబెడతాం, పొద్దున్నే సెంట్రిఫ్యూజ్‌లో వేసి తిప్పుతాం. నీలం నీళ్లు పైన నిలుస్తాయి, అడుగున ముద్దలా పచ్చటి పిప్పి మిగులుతుంది. నీలం నీళ్లకి కొనేవాళ్లున్నారు. పిప్పిని ఏం చేయాలన్నదే తలనొప్పి.

పొడి లెక్కన చూస్తే నెలకి 130 నుంచి 150 కిలోల పిప్పి. తడిగా తూస్తే దానికి ఐదింతలు. ఎండాకాలం నాలుగు గంటలు బయట ఉంచామంటే పులుస్తుంది, సాయంత్రానికి చచ్చిన చేపల గుంట వాసన కొడుతుంది. గుంట తీసి పూడ్చాం, ఈగలు ముసిరాయి. గోబర్ గ్యాస్ ట్యాంకులో కలిపాం. మొదటి వారం మంట బాగానే వచ్చింది, తర్వాత ఆగిపోయింది. నాచులో మాంసకృత్తులు ఎక్కువ, అంటే నత్రజని ఎక్కువ. గ్యాస్ పుట్టించే సూక్ష్మజీవులకి నత్రజని కంటే కార్బన్ 20, 30 రెట్లు ఉంటే హాయి. నాచులో ఐదారు రెట్లకి మించదు. ట్యాంకులో అమోనియా పేరుకుని వాటి పీక నొక్కేసింది. వరిగడ్డి కలిపి వేస్తే సర్దుకుంటుందని తర్వాత తెలిసింది. కానీ అప్పటికే మా ఆవిడ "ఇంకోసారి ఆ ట్యాంకులో ఈ కంపు పోశారంటే వంట మీరే చేసుకోండి" అని తేల్చేసింది.

అలాంటి సమయంలో ఈ డ్రమ్ము బ్రోచర్ చేతికొచ్చింది. నాచు వ్యర్థం నుంచి ఇంధనం, యాభై శాతం నూనె, రెండేళ్లలో పెట్టుబడి వాపసు. ధర 4,80,000 రూపాయలు. జీఎస్టీ, లారీ కిరాయి అదనం. ముగ్గురం పంచుకున్నాం.

పైరోలిసిస్ అనే పేరు చూసి ఏదో అనుకోకండి. గాలి తగలకుండా మూతపెట్టి కాచడం, అంతే. గాలి ఉంటే పిప్పి మండి బూడిదవుతుంది. గాలి లేకుండా 450, 500 డిగ్రీల దాకా వేడెక్కిస్తే మండడానికి వీలు లేక విడిపోతుంది. కొంత బొగ్గుగా మిగులుతుంది, కొంత ఆవిరై పైకి లేస్తుంది. ఆ ఆవిరిని చల్లారిస్తే నూనె, నీళ్లు దిగుతాయి. చల్లారనిది గ్యాస్. మాకు వచ్చింది 200 లీటర్ల స్టీల్ డ్రమ్ము. అడ్డంగా పడుకోబెట్టి చుట్టూ ఇటుక గూడు కట్టారు, కింద పొయ్యి. ఒకవైపు 16 బోల్టుల మూత. రెండోవైపు మూడంగుళాల గొట్టం. ఆ గొట్టం నీళ్ల తొట్టిలో మునిగిన చుట్టల గుండా పోతుంది, ఆవిరిని చల్లార్చే ఆ చుట్టలే కండెన్సర్. సారా బట్టీ చూసినవాళ్లకి వేరే వివరం అక్కర్లేదు, సూత్రం అదే. 1990ల మొదట్లో సారా వ్యతిరేక ఉద్యమం లేచిన దూబగుంట మా జిల్లాదే. అందుకేనేమో, మొదటి రోజు మా వీధిలో పెద్దవాళ్లు ఇద్దరు వచ్చి, ఏం కాస్తున్నావని గట్టిగానే అడిగారు. మూత తీసి పిప్పి వాసన చూపిస్తే నమ్మారు.

బ్యాచ్ రోజు ఇలా ఉంటుంది. పొద్దున్నే ఆరింటికి సరుగుడు కట్టెలతో పొయ్యి వెలిగిస్తాం. మా తీరం పొడుగునా సరుగుడు తోటలే కాబట్టి కట్టెలకి కొదవ లేదు. లోపల 40 కిలోల ఎండు పిప్పి ఉంటుంది, తేమ పది శాతం లోపు. 100 డిగ్రీల దగ్గర మిగిలిన తడి ఆవిరిగా పోతుంది. ముల్లు 250 దగ్గరికి వచ్చేసరికి వాసన మొదలు. మాంసకృత్తులు మాడే వాసన, అంటే వెంట్రుకలు కాలినట్టు, ఈకలు కాలినట్టు. మొదటి బ్యాచ్ రోజు పక్క నిమ్మతోట మామ గట్టు మీద నిలబడి, "ఏంది అబ్బయ్యా, ఎవురన్నా కోడిని కాలుస్తా ఉండారా?" అని కేకేశాడు. మధ్యాహ్నం భోజనానికి కూర ఆశించి వచ్చాడని నా అనుమానం.

320, 350 దాటాక అసలు పని నడుస్తుంది. కండెన్సర్ కొసన ముందు టీ రంగు నీళ్లు చుక్కలు చుక్కలుగా పడతాయి, తర్వాత నల్లటి నూనె చారలు కలుస్తాయి. ఆ వేళకి గ్యాస్ వాల్వు తిప్పి పొయ్యిలోకి మళ్లిస్తాం. ఈ యంత్రంలో నాకు నిజంగా నచ్చింది ఈ ఘట్టమే. కట్టెలు వేయడం మానేసినా, తన గ్యాస్‌తో తనే ఇంకో రెండు గంటలు మండుతుంది. మంట అంచు నీలంగా, మధ్యలో పసుపుగా, గుర్రుమంటూ చప్పుడు చేస్తుంది. మొత్తం కట్టెలు 25 కిలోలకి మించవు. 480 దగ్గర గంటసేపు నిలిపి, గ్యాస్ తగ్గాక పొయ్యి ఆర్పేస్తాం. మూత తీసేది మర్నాడే.

మర్నాడే అని ఎందుకు ఒత్తి చెబుతున్నానంటే, మొదటి బ్యాచ్‌కి ఆత్రం ఆగక అదే సాయంత్రం తీశాను. బయట రేకు చేయి పెట్టేంత చల్లగా ఉంది, లోపల కాదు. మూత జరగగానే గాలి తగిలి నల్లటి బొగ్గు మీద ఎర్రటి మచ్చలు లేచాయి, చూస్తుండగానే అవి పాకాయి. మూత మళ్లీ బిగించేలోగా కనుబొమలు కాస్త చుర్రుమన్నాయి. ఇంకో మాట. ఆ గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది, దానికి వాసనా రంగూ ఉండవు. నాలుగు గోడల షెడ్డులో ఈ డ్రమ్ము పెట్టవద్దు. మా షెడ్డుకి రెండువైపులా గోడలు పడగొట్టి పందిరిలా చేశాకే రెండో బ్యాచ్ వేశాం.

ఇక లెక్క. 40 కిలోలకి బొగ్గు సుమారు 13 కిలోలు. ద్రవం 18 కిలోలు. ఆ ద్రవాన్ని రాత్రి కదలకుండా ఉంచితే రెండు పొరలుగా విడిపోతుంది: పైన నల్లటి నూనె 8 కిలోలు, కింద టీ రంగు నీళ్లు 10 కిలోలు. మిగతాది గ్యాస్. ఒక బ్యాచ్‌కీ ఇంకో బ్యాచ్‌కీ అటూ ఇటూగా ఒకటి రెండు కిలోల తేడా, అంతకంటే లేదు. అంటే నూనె 20 శాతం. బ్రోచర్‌లో 50. ఫోన్ చేస్తే అవతలి పెద్దమనిషి తొణకలేదు. "రెండు పొరలూ కలిపితేనే నూనె సార్" అన్నాడు. పది కిలోల అమోనియా కంపు నీళ్లని నూనె అనడానికి నాకు నోరు రాలేదు. కలిపినా 45 శాతమే.

ఆ యాభై ఎక్కడి నుంచి పుట్టిందో వెతికితే దొరికింది. 2013లో అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు అచ్చం మనలాంటి పిప్పి మీదే పని చేశారు. క్లోరెల్లా అనే నాచులోంచి కొవ్వు తీసేశాక మిగిలిన పిప్పిని 500 డిగ్రీల దగ్గర పైరోలిసిస్ చేస్తే 53 శాతం బయో ఆయిల్, 31 శాతం బొగ్గు, 10 శాతం గ్యాస్ వచ్చాయి. అబద్ధం కాదు. కాకపోతే వాళ్లది ఫ్లూయిడైజ్డ్ బెడ్ రియాక్టర్. కింద నుంచి ఊదే గ్యాస్‌కి ఇసుక మరుగుతున్నట్టు ఎగురుతూ ఉంటుంది. అందులో పడిన నాచు పొడి క్షణాల్లో వేడెక్కుతుంది, ఆవిరి రెండు సెకన్లయినా లోపల ఉండకుండా బయటికి వచ్చి చల్లారిపోతుంది. మన డ్రమ్ములో 480కి చేరడానికే నాలుగు గంటలు. ఆవిరి లోపల తిరిగి తిరిగి, మళ్లీ విరిగి, కొంత బొగ్గై, కొంత గ్యాసై పోతుంది. మెల్లగా కాచితే బొగ్గు, గబగబా కాచితే నూనె. అమ్మేవాళ్లు గబగబా కాచిన అంకెని తెచ్చి మెల్లగా కాచే డ్రమ్ము మీద అతికించారు. పైగా ఫాస్ట్ పైరోలిసిస్‌లో బయో ఆయిల్ అని తూచేదాంట్లో మామూలుగా నీళ్లు కూడా కలిసే ఉంటాయి.

సరే, ఆ 8 కిలోల నూనె సంగతేంటి? కిరోసిన్‌లా పలచగా ఉంటుందనుకుంటే పొరపాటు. చల్లటి పొద్దున పూట బెల్లం పాకంలా సాగుతుంది. వాసన చెప్పడం కష్టం. కాలిన ఈకలు, ఫినాయిలు, పాత అమోనియా కలిపితే దగ్గరికొస్తుంది. చొక్కాకి అంటితే మూడు ఉతుకులకి పోదు. ల్యాబులో ఇస్తే కిలోకి 31 మెగాజౌల్స్ వేడి ఉందన్నారు. అది చెడ్డ అంకె కాదు. కట్టెల నుంచి తీసే బయో ఆయిల్‌కి 16 నుంచి 19 వరకే ఉంటుంది, డీజిల్‌కి 45 దాకా. అంటే వేడి విషయంలో నాచు నూనె కట్టె నూనె కంటే చాలా మేలు. దాని జబ్బు వేరే. మాంసకృత్తుల్లో ఉన్న నత్రజని పెద్ద భాగం ఈ నూనెలోకే దిగుతుంది. పిరోల్, ఇండోల్ లాంటి పదార్థాలుగా కూర్చుని కంపు కొడుతుంది. మండిస్తే నైట్రోజన్ ఆక్సైడ్లవుతుంది. రిఫైనరీకి ఇద్దామన్నా అక్కడి ఉత్ప్రేరకాలకి ఈ నత్రజనే విషం. శుద్ధి చేయాలంటే ఒత్తిడిలో హైడ్రోజన్ పట్టించాలి. మా పందిరి కింద జరిగే పని కాదది.

మా బావమరిది మాత్రం వినలేదు. "పది శాతం కలిపితే ఏమవుద్ది బావా, నువ్వు మరీ టెన్షన్ పడతావ్" అని, పాత 5 హెచ్‌పీ డీజిల్ ఇంజన్‌కి లీటరు డబ్బాలో కలిపి పోశాడు. సీసాలో చూస్తేనే తెలిసిపోతోంది, డీజిల్ పైన తేలింది, మన నూనె ముక్కలు ముక్కలుగా అడుగుకి చేరింది. అయినా ఇంజన్ స్టార్ట్ అయింది. పావుగంట తిరిగింది కూడా, చెరువు గట్టు దాకా కంపు. తర్వాత దగ్గి ఆగిపోయింది. ఫిల్టర్ విప్పితే వక్కపొడి డబ్బాలో తేనె పోసినట్టుంది. ఇంజెక్టర్ మీద నల్లటి బంక. మెకానిక్‌కి 2,300 ఇచ్చుకున్నాం. బావమరిది ఇప్పటికీ ఆ విషయం ఎత్తితే డీజిల్ కల్తీ అంటాడు.

పాత టైర్లని ఇలాగే కాచి తీసే టైరు నూనె కొనే వ్యాపారి ఒకాయన్ని పిలిచి సీసా చూపించాను. మూత తీసి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని, వెంటనే మూత పెట్టేశాడు. "అన్నా, దీని ముందు టైరు నూనె అత్తరు" అన్నాడు. బేరం అక్కడితో సరి. చివరికి మా పొయ్యికే పనికొచ్చింది. ఇటుకలు ఎర్రబడ్డాక సన్నటి గొట్టంలోంచి చుక్కలు చుక్కలుగా వాటి మీద పడేలా చేసి, చిన్న బ్లోయరుతో గాలి కొడితే శుభ్రంగానే మండుతోంది. ఒక బ్యాచ్ నూనె తర్వాతి బ్యాచ్ కట్టెల్లో సగం మిగులుస్తోంది. ఇంధనం వచ్చిందా అంటే వచ్చింది. ఆ యంత్రాన్ని నడుపుకోవడానికే.

ఎవరూ చెప్పని ఇబ్బంది ఒకటి ఏడో బ్యాచ్‌లో ఎదురైంది. గ్యాస్ మంట సన్నబడింది, ప్రెషర్ ముల్లు మెల్లగా పైకి లేస్తోంది. తారు అడ్డం పడిందేమోనని పొయ్యి లాగేశాం. మర్నాడు కండెన్సర్ దాటాక ఉన్న గొట్టం విప్పితే లోపల తారు లేదు, తెల్లటి పలుకులు. కల్లుప్పులా, కొన్ని చోట్ల పటిక ముక్కల్లా, వేలు దూరే సందు కూడా లేకుండా గొట్టం నిండా పేరుకున్నాయి. ఒక పలుకు అరచేతిలో పెట్టుకుంటే ఘాటు కళ్లలోకి కొట్టింది. పిప్పిలోంచి వచ్చిన అమోనియా, కార్బన్ డయాక్సైడ్, తడి మూడూ చల్లటి గొట్టంలో కలిసి గట్టిపడిన ఉప్పు అది, అమోనియం బైకార్బొనేట్. బేకరీల్లో బిస్కెట్లు పొంగడానికి వేసే అమోనియా ఇదే జాతి. అదృష్టం కొద్దీ దానికి వేడి పడదు. రెండు బిందెల వేడినీళ్లు పోస్తే మొత్తం కరిగిపోయింది. కట్టెలో, కొబ్బరి చిప్పల్లో నత్రజని తక్కువ కాబట్టి వాటికి ఈ బెడద ఉండదు. ఈ డ్రమ్ము వాటి కోసమే తయారైంది, నాచు పేరు తర్వాత తగిలించారు అని నాకు ఆ రోజే అర్థమైంది. ఇప్పుడు ప్రతి మూడో బ్యాచ్‌కి ఒకసారి గొట్టం విప్పి కడుగుతున్నాం. విప్పిన ప్రతిసారీ ఒక గ్యాస్కెట్ పోతుంది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చిన్న తగాదాలు. పెద్ద తగాదా తడితో.

సెంట్రిఫ్యూజ్ నుంచి దిగే పిప్పిలో 80 శాతం నీళ్లే. 40 కిలోల ఎండు పిప్పి కావాలంటే 200 కిలోల ముద్దని తెచ్చి అందులోంచి 160 కిలోల నీళ్లు పోగొట్టాలి. కిలో నీటిని ఆవిరి చేయడానికి ఎంత లేదన్నా 2.26 మెగాజౌల్స్ పడుతుంది. అంటే 360 పైచిలుకు. అదీ ఒక్క బొట్టు వేడి వృథా కాకపోతే. మామూలు డ్రైయర్‌లో ఇంచుమించు రెండింతలు వేసుకోవాలి. మరి మనకి వచ్చే 8 కిలోల నూనెలో ఉన్నది 250 మెగాజౌల్స్. నూనె మొత్తం తగలబెట్టినా దాన్ని పుట్టించిన పిప్పి ఎండదు. ఈ లెక్క వేయడానికి ఇంజనీరింగ్ అక్కర్లేదు, పాల లెక్కల పుస్తకంలో ఒక పేజీ చాలు. కొనేముందు వేసుకోకపోవడం నా తప్పే. అమ్మినవాళ్లు మాత్రం కరెంటు డ్రైయర్ ఒకటి 1,60,000కి ఇస్తామని ముందుకొచ్చారు. ఆ బిల్లు ఎవరు కడతారు?

ఎండ ఉన్నప్పుడు ఈ లెక్కతో పని లేదు. ఏప్రిల్, మే నెలల్లో టార్పాలిన్ మీద అర అంగుళం మందాన పరిస్తే ఒకటిన్నర రోజులో పెళపెళలాడేది. రోహిణి కార్తెలో అయితే ఉదయం పరిచింది సాయంత్రానికే అప్పడం. 31 బ్యాచ్‌లలో 19 మార్చి నుంచి జూన్ దాకానే నడిచాయి. మా వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు. అప్పుడు గాలిలోనే తడి. పిప్పి ఎండకపోగా బూజు పడుతుంది.

రెండు ఉపాయాలు కొంత ఆదుకున్నాయి. మొదటిది మా అమ్మది. పిప్పిని గుడ్డ సంచుల్లో కట్టి, వాటి మీద చెక్క వేసి, పెరట్లో పడి ఉన్న పాత రుబ్బురోలు పెట్టించింది. రాత్రికి రాత్రి తడి 80 నుంచి 70 శాతానికి దిగింది. పది శాతమే కదా అనిపిస్తుంది. కానీ అదే 40 కిలోల ఎండు పిప్పికి ఇప్పుడు ఆవిరి చేయాల్సిన నీళ్లు 160 కాదు, 93 కిలోలు. రోలు బరువుకి కరెంటు బిల్లు రాదు. రెండోది పక్క ఊరి వెల్డర్ అన్న చేసింది. పొగగొట్టాన్ని నిటారుగా పోనీకుండా పళ్లేల అర కింద నుంచి మెలికలు తిప్పాడు, 22,000 తీసుకున్నాడు. ఒక బ్యాచ్ కాలే వేడికి తర్వాతి బ్యాచ్ పిప్పిలో 40 కిలోల నీళ్లు పోతున్నాయి. మొత్తం యంత్రంలో పైసా వసూల్ అంటే ఈ 22,000 ఒక్కటే.

మనమే తెలివితక్కువవాళ్లం అని బాధపడక్కర్లేదు లెండి. నాచు నుంచి ఇంధనం తీయాలని అమెరికా ప్రభుత్వం 1978 నుంచి 1996 దాకా ఒక కార్యక్రమమే నడిపి ఆపేసింది. చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్ 2009లో ఇంకో సంస్థతో కలిసి 60 కోట్ల డాలర్ల దాకా పెడతామని ప్రకటించింది, 2023కల్లా పక్కకి తప్పుకుంది. తడి బాధ లేకుండా పిప్పిని నీళ్లతో సహా 300 నుంచి 350 డిగ్రీల దగ్గర, 200 రెట్ల వాతావరణ పీడనంలో ఉడికించి నూనె తీసే పద్ధతి ఒకటుంది. హైడ్రోథర్మల్ లిక్విఫాక్షన్ అంటారు. నాచుకి సరైన దారి నిజానికి అదే అని నా అభిప్రాయం. కానీ ఆ ప్రెషర్ కుక్కర్ పెరట్లో పెట్టుకునే రకం కాదు.

బొగ్గు గురించి. కట్టె బొగ్గులా ముక్కలుగా రాదు, నల్లటి రవ్వలా వస్తుంది. పొయ్యిలో వేస్తే బూడిద ఎక్కువ. మట్టికి బాగుంది. అయోవా వాళ్లు కూడా తమ బొగ్గులో నత్రజని, భాస్వరం, పొటాషియం ఎక్కువగా ఉన్నాయి, పంటకి పోషకంగా పనికిరావచ్చు అన్నారు. పశువుల ఎరువులో నెల రోజులు కలిపి మాగబెట్టి నిమ్మతోట మామకి ఐదు సంచులు ఇచ్చాను. కోడి వాసనకి క్షమాపణ అనుకోండి. చెట్లు ఎలా ఉన్నాయంటే బాగుండాయి అంటాడు, వానలు కూడా బాగా పడ్డాయి కాబట్టి గొప్పంతా బొగ్గుదే అనలేను. ఒక్క జాగ్రత్త. స్పిరులినా పెంచే నీళ్లలో సోడా బైకార్బొనేట్ లీటరుకి 16.8 గ్రాముల దాకా వేస్తారు. రంగు తీసిన పిప్పి ఎలాగూ నీళ్లలో నానింది కాబట్టి ఆ సోడా చాలావరకు పోతుంది. జూలైలో ఒక తొట్టిలో పంట పాడైతే కడగకుండా అలాగే ఎండబెట్టి డ్రమ్ములో వేశాం. ఆ బొగ్గు వేసిన మిరప నారు ఆకుల అంచులు మాడాయి. సోడియం. తప్పు బొగ్గుది కాదు, కడగని మాది.

కింద పొర నీళ్ల సంగతి అమ్మేవాళ్లు ఒక్కరూ ఎత్తరు. అమోనియా, ఫినాల్స్ కలిసిన ఆ నీళ్లని కాలవలో వదిలితే చేపలు తేలతాయి. మేం వదల్లేదు. 31 బ్యాచ్‌లకి ఒకటిన్నర నీలం పీపా పోగుపడింది, మూత బిగించి షెడ్డు వెనక పెట్టాం. దాన్ని ఏం చేయాలో ఆలోచించకుండా ఈ డ్రమ్ము కొనకండి. పర్మిషన్ల మాట కూడా అంతే. "ఇంత చిన్న యూనిట్‌కి ఏమీ అక్కర్లేదు సార్" అని నోటితో చెప్పారు, రాసివ్వమంటే రాలేదు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు, పెట్టడానికి ఒకటి, నడపడానికి ఒకటి ఉంటాయి. మీ జిల్లాలో ముందే అడగండి, అడ్వాన్స్ ఇచ్చాక కాదు.

సర్వీసు విషయానికొస్తే, ఫోన్ ఎత్తుతారు. అది చాలామంది కంటే నయం. బిగించడానికి వచ్చిన కుర్రాడు మంచి పనిమంతుడు. వాటర్ సీల్‌లో, అంటే బయటి గాలి గొట్టంలోకి రాకుండా అడ్డుగా ఉంచే నీళ్లలో, మట్టం తగ్గితే చల్లారేటప్పుడు డ్రమ్ము బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుందని, వేడి గ్యాస్‌కి గాలి తోడైతే పేలుతుందని, అందుకే పొయ్యి ఆర్పాక కూడా సీల్ చూసుకోవాలని రెండుసార్లు చేసి చూపించాడు. వాళ్లిచ్చిన పుస్తకంలో ఆ ముక్క లేదు. వేడి కొలిచే థర్మోకపుల్ ఐదో నెలలో పోయింది, వారంటీ కింద మారుస్తామని మారుస్తామని రెండు నెలలు జరిపారు. నేనే నెల్లూరులో కొని వేసుకున్నాను.

ఈలోగా వేరే సంగతి ఒకటి జరిగింది. ఆగస్టులో మా భాగస్వామి ఒకాయన, చేపల చెరువున్నాయన, తాజా పిప్పిని తడిగానే తవుడులో ముద్దలు చేసి బొచ్చెలకి, శీలావతికి వేసి చూశాడు. ఎగబడి తిన్నాయి. రంగు తీసేసినా అందులో దాదాపు సగం మాంసకృత్తులే మరి. ఎండబెట్టే పని లేదు, కట్టెలు లేవు, కంపు లేదు. కాకపోతే పొద్దున దిగిన పిప్పి పొద్దున్నే చెరువుకి చేరాలి. అప్పటి నుంచి మంచి పిప్పి చేపలకి; పులిసిపోయిన పిప్పి, తొట్టిలో పాడైన పంట డ్రమ్ముకి. జూలైకి ముందు వారానికి బ్యాచ్ పైన వేసేవాళ్లం, ఇప్పుడు నెలకి రెండు. 4,80,000 పెట్టి కొన్న యంత్రానికి ఎంగిలి తిండి పెడుతున్నావేంటి అని బావమరిది వెటకారం.

ప్రస్తుతం మూడు వారాలుగా ముసురు. డ్రమ్ము మీద టార్పాలిన్ కప్పి ఉంది, ఇటుక గూడు పొడిగా ఉంటుందని మా పిల్లి అందులో పిల్లల్ని పెట్టింది. నిన్న గ్యాస్కెట్ల పార్సిల్ వచ్చింది. పన్నెండుకి డబ్బులు కడితే ఎనిమిది పంపారు.